కాసిల్టన్: నాలుగు గుహలు, ఒక కోట, జారిపోతున్న కొండ – దేనికి టికెట్ కొనాలి, దేనికి కాళ్లు చాలు

మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో కాసిల్టన్ వెళ్లనివాళ్లు తక్కువ. వెళ్లి సరిగ్గా చూసొచ్చినవాళ్లు ఇంకా తక్కువ. వరస ఎప్పుడూ ఒకటే. శనివారం పదకొండింటికి కారులో దిగుతారు, పార్కింగ్ దొరక్క ఊరంతా తిరుగుతారు, విన్నట్స్ పాస్ అనే కనుమలో నాలుగు రీల్స్ తీస్తారు, దారిలో ముందు కనబడిన గుహకి టికెట్ కొంటారు, మూడింటికి పబ్బులో వంటగది కట్టేశారని తెలిసి చిప్స్ పొట్లంతో సరిపెట్టుకుని బయల్దేరతారు. ఇందులో ఊరి తప్పేం లేదు. రెండు మూడు కిలోమీటర్ల లోపలే నాలుగు టికెట్ గుహలు, ఒక నార్మన్ కోట, రెండు సున్నపురాతి లోయలు, ఒక కొండకోట, పాడుబడ్డ సీసం గని ఉంటే ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం కష్టమే.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. నాలుగు గుహల్లో ఒక్కటి చాలు, మరీ ఇష్టమైతే రెండు. కోట ఎక్కగలిగినవాళ్లు ఎక్కాలి. ఇక్కడి అసలు సరుకంతా టికెట్ లేనిదే, కాకపోతే నడవాలి.

ఊరు డార్బీషర్‌లో హోప్ లోయకి పడమటి కొసన ఉంది. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో భాగం. బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్కు ఇదే, 1951లో వచ్చింది. చూసేముందు తెలుసుకోవాల్సిన విషయం ఒక్కటే: రెండు రకాల రాళ్లు కలిసే అతుకు మీద ఊరు కూర్చుంది. దక్షిణాన తెల్లటి సున్నపురాయి. ఎప్పుడో ముప్ఫై కోట్ల ఏళ్లకు మునుపు వెచ్చటి లోతులేని సముద్రంలో పేరుకున్నది. వాననీరు దీన్ని కరిగించి లోపలికి దిగిపోతుంది కాబట్టి గుహలన్నీ అటే, నీళ్లు లేని ఎండు లోయలూ అటే. ఉత్తరాన షేలు (పొరలు పొరలుగా చిట్లే మట్టిరాయి), ఇసుకరాయి. ఇవి నీళ్లకి కరగవు, జారతాయి. మామ్ టోర్ కొండ సగం విరిగి కింద పడి ఉండటానికి కారణం అదే. ఈ ఒక్క ముక్క తలలో ఉంటే ఎక్కడ ఏం చూస్తున్నామో బోర్డు చదవకుండానే తెలుస్తుంది.

చేరడం, కారు పెట్టడం

పెద్ద పార్కింగ్ విజిటర్ సెంటర్ దగ్గరుంది. ఎండ కాసిన వారాంతాల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటితే ఆశ పెట్టుకోవద్దు. లోయలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. యాప్‌తో డబ్బు కట్టొచ్చని ధీమాగా రాకుండా కాసిని చిల్లర నాణేలు జేబులో పెట్టుకోండి. మామ్ టోర్ కింద ఉన్న మామ్ నిక్ పార్కింగ్ నేషనల్ ట్రస్టుది. సభ్యులకు ఉచితం. ఇదీ తొందరగానే నిండిపోతుంది, నిండాక రోడ్డు అంచుల్లో గడ్డి మీద కార్లు ఎక్కించేస్తారు. ఆ పని చేయొద్దు. జరిమానా సంగతి అలా ఉంచితే, ఇరుకు రోడ్డులో అంబులెన్సుకీ కొండ రక్షక దళం బండికీ దారి లేకుండా పోతుంది.

జీపీఎస్ చేసే తికమక ఒకటుంది. ట్రీక్ క్లిఫ్ గుహ, బ్లూ జాన్ గుహ మ్యాపులో పక్కపక్కనే, ఒకే పాత రోడ్డు మీద కనబడతాయి. ఆ రోడ్డు మధ్యలో విరిగిపోయింది. ట్రీక్ క్లిఫ్‌కి ఊరి వైపు నుంచి, బ్లూ జాన్‌కి విన్నట్స్ పాస్ ఎక్కి పైనుంచి రావాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లొచ్చు, కారులో మాత్రం చుట్టు తిరగాల్సిందే. టికెట్ టైము దగ్గరపడ్డాక ఈ సంగతి తెలియడం మంచిది కాదు.

అసలు కారు అక్కర్లేని దారి ఇంకా బాగుంటుంది. మాంచెస్టర్ పికడిలీ, షెఫీల్డ్ మధ్య నడిచే హోప్ వ్యాలీ లైనులో ఈడేల్, హోప్ అని పక్కపక్క స్టేషన్లున్నాయి. ఈడేల్‌లో దిగి హాలిన్స్ క్రాస్ అనే కనుమ దాటి కాసిల్టన్‌లోకి దిగితే ఐదు కిలోమీటర్ల నడక. సాయంత్రం కాసిల్టన్ నుంచి మూడు కిలోమీటర్ల దూరంలోని హోప్ స్టేషన్‌కి నడిచో, 272 నంబరు బస్సెక్కో చేరొచ్చు. ఆ బస్సు షెఫీల్డ్ దాకా పోతుంది. టికెట్ ఎప్పుడూ రెండింటిలో దూరపు స్టేషన్‌కి కొనండి: మాంచెస్టర్ నుంచైతే హోప్‌కి, షెఫీల్డ్ నుంచైతే ఈడేల్‌కి. మధ్యలో దిగే వెసులుబాటు అడ్వాన్స్ టికెట్లకి ఉండదు, మామూలు రిటర్న్ తీసుకోవాలి. అన్ని రైళ్లూ ఈ చిన్న స్టేషన్లలో ఆగవు. ఆగేవి దాదాపు గంటకొకటి.

గుహలు: ఎవరికి ఏది

బొర్రా గుహలు చూసినవాళ్లు ముందు అంచనా సరిచేసుకోవాలి. అక్కడున్నంత భారీ ఆకారాలు ఇక్కడ లేవు. ఇక్కడ ప్రకృతి సగం, గని పని సగం. మనుషులు రాయి తొలిచిన చరిత్రే ఎక్కువ చెబుతారు. ఇంకో తేడా చలి. బయట ఎండాకాలమైనా లోపల ఏడాది పొడుగునా పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, పైనుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. జులైలో కూడా జాకెట్ కావాలి. పట్టు లేని చెప్పులతో ఏ గుహలోకీ దిగొద్దు.

పీక్ కావర్న్. ఒక్కటే చూసేట్టయితే ఇది. ఊరి మధ్య నుంచి వాగు పక్కన ఐదు నిమిషాలు నడిస్తే కోట కొండ కింద నోరు తెరుచుకుని కనబడుతుంది. బ్రిటన్‌లో సహజంగా ఏర్పడ్డ గుహ ముఖద్వారాల్లో అతి పెద్దదిగా దీనికి పేరు. డెవిల్స్ ఆర్స్ అన్న మోటు పేరు కూడా ఉంది. వరద నీరు లోపల తగ్గేటప్పుడు వచ్చే చప్పుడు వల్ల వచ్చిందంటారు. విక్టోరియా రాణి కాలంలో మర్యాద కోసం దాచిన ఆ పేరునే ఇప్పుడు పెద్ద అక్షరాల్లో రాసి టికెట్లు అమ్ముతున్నారు.

ఇక్కడ చూడాల్సింది ముఖద్వారమే. నాలుగు వందల ఏళ్ల పాటు తాళ్లు పేనేవాళ్లు ఈ గుహ నోట్లోనే ఇళ్లు కట్టుకుని బతికారు. వాళ్ల పొయ్యిల పొగమసి కప్పు మీద ఇంకా నల్లగా కనిపిస్తుంది. పెద్ద తాడు పేనాలంటే పొడవాటి చదును నేల కావాలి, వాన పడకూడదు, జనపనార పొడిబారకూడదు. గుహ నోరు మూడూ ఇచ్చింది. గైడు తాడు పేని చూపిస్తారు. దగ్గరగా నిలబడి చూడండి, పోగులు మెలి తిప్పే కొక్కేల పని బాగా అర్థమవుతుంది. తర్వాత లంబేగో వాక్ అనే చోట నడుం వంచి నడవాలి. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లని అక్కడిదాకా తీసుకెళ్లి వెనక్కి పంపలేరు, ముందే చెప్పండి. ఆ వంగుడు ఒక్కటి పక్కన పెడితే, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి నాలుగింటిలో ఇదే తేలిక. ఇదే గుహల వ్యవస్థలో టైటన్ అనే 141.5 మీటర్ల నిలువు బావి 1999లో బయటపడింది. బ్రిటన్‌లో తెలిసిన సహజ నిలువు గుహల్లో అదే పెద్దది. అది గుహల్లోకి తాళ్లతో దిగే నిపుణులకే, టికెట్ కొన్నవాళ్లకి కాదు.

ట్రీక్ క్లిఫ్. స్టాలక్టైట్లు (కప్పు నుంచి వేలాడే సున్నపు కడ్డీలు), స్టాలగ్‌మైట్లు (నేల మీంచి లేచేవి) చూడాలనుకునేవాళ్లకి ఇది. సన్నగా, నాజూగ్గా, దగ్గరగా ఉంటాయి. లోపలి గదులు 1926లో గని పనివాళ్లకి తగిలాయి, 1935 నుంచి జనానికి చూపిస్తున్నారు. మొదటి భాగంలో గోడల్లోనే బ్లూ జాన్ రాయి చారలు చారలుగా కనబడుతుంది. ఆ రాయిని అది పుట్టిన చోటే చూడటానికి ఇంతకంటే వీలైన చోటు లేదు. ఇబ్బందల్లా రోడ్డు మీంచి ద్వారం దాకా ఉన్న నిటారు దారి. లోపల మెట్లూ ఉన్నాయి. పిల్లల బండి పనికిరాదు, చంటిపిల్లల్ని ఎత్తుకునే పట్టీ తెచ్చుకోవాలి.

బ్లూ జాన్ గుహ. లోతైనది, మెట్లు రెండు వందల పైచిలుకు. దిగడం సులువు, మొత్తం తిరిగి ఎక్కాలి. నీరు తొలిచిన నిలువు గదులు గంభీరంగా ఉంటాయి, ఎత్తు బాగా ఆనుతుంది. మోకాళ్లు బాగున్నవాళ్లకి మంచి గుహే. ట్రీక్ క్లిఫ్ చూశాక అదే రోజు ఇది కూడా చూస్తే పిల్లలు మాత్రం విసుగెత్తిపోతారు.

స్పీడ్‌వెల్. విన్నట్స్ పాస్ మొదట్లో, రోడ్డు పక్కనే ఉంది కాబట్టి ఎక్కువమంది ముందు పడేది దీనిలోనే. నూటికి పైగా మెట్లు దిగాక పడవెక్కుతారు. 1770లలో సీసం కోసం తొలిచిన సొరంగం అది, నీటితో నిండి దాదాపు అర కిలోమీటరు సాగుతుంది. తుపాకిమందు కూరి పేల్చిన గుంతలు గోడల్లో చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉంటాయి. అంత కష్టపడి తొలిచిన గని పెట్టుబడి కూడా రాబట్టలేదు. చివర్లో బాటమ్‌లెస్ పిట్ అనే అగాధం. పేరులో ఉన్నంత అగాధం కాదు, దీపాల వెలుగులో లోతూ సరిగ్గా ఆనదు. పడవ ప్రయాణం పిల్లలకి నచ్చుతుంది. చూడ్డానికి ఉన్నది తక్కువ. కప్పు హెల్మెట్‌కి తగిలేంత కిందికి ఉంటుంది కాబట్టి ఇరుకు చోట్లంటే గాభరా పడేవాళ్లు పడవ ఎక్కకపోవడమే మేలు. మధ్యలో దిగిపోయే వీలుండదు. గట్టి వానలు పడితే నీటిమట్టం పెరిగి మూసేస్తారు. బయల్దేరే రోజు ఉదయం తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

బ్లూ జాన్ కొనేముందు

ఊళ్లో ప్రతి రెండో దుకాణం కిటికీలో ఊదా, పసుపు, తెలుపు చారల రాయి మెరుస్తుంది. ఇది ఫ్లోరైట్, అంటే కాల్షియం ఫ్లోరైడ్. ఈ చారల రకం ట్రీక్ క్లిఫ్ కొండ కిందే దొరుకుతుంది. ఇప్పటికీ ట్రీక్ క్లిఫ్, బ్లూ జాన్ గుహల్లో కొద్ది మొత్తంలో తవ్వుతున్నారు, అందుకే ధర. కాఠిన్యం మోహ్స్ కొలతలో 4 మాత్రమే, చాకుతో గీతపడుతుంది. పైగా పొరల వెంట చిట్లిపోతుంది కాబట్టి కోసేముందు రెసిన్ పట్టించి గట్టిపరుస్తారు. అది మోసం కాదు, అది లేకపోతే రాయి చేతిలోనే విరుగుతుంది.

దీని నుంచి వచ్చే కొనుగోలు సలహా సూటిగా: ఉంగరం వద్దు. గిన్నెలు తోమే చేతికి ఆర్నెల్లలో మసకబారుతుంది. పతకం, చెవిదిద్దులు నిలుస్తాయి. వేడినీళ్లలో, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మిషన్‌లో పెట్టొద్దు. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఊదా చారల ఫ్లోరైట్ వేరే దేశాల నుంచీ వస్తుంది, చూపుకి దగ్గరగానే ఉంటుంది. ఏ గుహలో, ఏ పొరలో తవ్విన రాయో అడగండి, బిల్లు మీద రాసివ్వమనండి. తెలిసిన దుకాణం వాళ్లు పొర పేరుతో సహా చెబుతారు. గుహల సొంత దుకాణాల్లో ఈ బెడద తక్కువ. చిన్న ముక్క కొనడానికి ఇష్టం లేకపోతే పెద్ద కూజాలు చూడ్డానికి చాట్స్‌వర్త్ హౌస్ ఉంది, అది వేరే రోజు పని.

కోట, దాని వెనక లోయ

పెవెరిల్ కోట 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలోనే ఉంది. విలియం పెవెరిల్ అనే నార్మన్ ప్రభువు కట్టించాడు. 1155లో ఆ ఆస్తిని రాజు స్వాధీనం చేసుకున్నాడు. 1157లో స్కాట్లండ్ రాజు నాలుగో మాల్కమ్ ఇక్కడికే వచ్చి రెండో హెన్రీకి లొంగాడు. ఇప్పుడు నిలబడి ఉన్న చదరపు బురుజు 1176 ప్రాంతంలో ఆ హెన్రీ కట్టించిందే. గోల్కొండ, గండికోట చూసిన కళ్లకి ఇది చిన్నదే, కప్పు కూడా లేదు. గది గది తిరిగి చూసే కోట కాదు. గోడలో ఎముకల వరసలా ఏటవాలుగా పేర్చిన రాళ్లు చూడండి, తొలి కాలపు నార్మన్ పని అది. బురుజు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన మరుగుదొడ్డి కూడా ఉంది. పిల్లలకి ఎక్కువ గుర్తుండేది అదే.

టికెట్ డబ్బుకి దక్కేది ఆ స్థలం. ఒకవైపు కేవ్ డేల్ లోయ నిలువునా పడిపోతుంది, ఇంకోవైపు అడుగున పీక్ కావర్న్ గండి, ఎదురుగా విరిగిన మామ్ టోర్. ఇక్కడ కోట ఎందుకు కట్టారో మాటల్లో చెప్పక్కర్లేదు. టికెట్ గది కింద ఉంటుంది, పైకి మెలికల దారి పది పదిహేను నిమిషాలు. నిటారుగా ఉన్నా మధ్యలో కూర్చోడానికి బల్లలున్నాయి. చలికాలంలో ఎక్కువగా వారాంతాల్లోనే తెరుస్తారు, గాలి బలంగా ఉంటే అదీ మూసేస్తారు. నిర్వహణ ఇంగ్లిష్ హెరిటేజ్‌ది, సభ్యులకి ఉచితం. ఇండియా నుంచి వచ్చినవాళ్లు స్టోన్‌హెంజ్ లాంటివి కూడా చూసేట్టయితే ఆ సంస్థ విదేశీ సందర్శకులకి ఇచ్చే పాస్ లెక్క వేసుకోండి. ఈ ఒక్క కోట కోసమైతే అక్కర్లేదు.

కోటకి డబ్బు పెట్టనివాళ్లు కేవ్ డేల్‌లోకి వెళ్లండి. సంత చౌకు దగ్గర బార్‌గేట్ వీధిలోంచి ఇళ్ల మధ్య చిన్న సందు, అది దాటగానే రెండు సున్నపురాతి గోడల మధ్య ఉంటారు. కాసేపు ఎక్కి వెనక్కి తిరిగితే తలమీద కోట బురుజు. ఊరు మొత్తంలో మంచి ఫొటో ఇది, పైగా ఉచితం. మంచుయుగం కరిగేటప్పుడు పారిన నీళ్లు కోసిన లోయ ఇది, ఇప్పుడు ఎండు. నేల మీది రాళ్లు తరాల నడకకి నున్నబడిపోయాయి. వాన పడిన రోజు సబ్బు మీద నడిచినట్టే ఉంటుంది. ఎక్కేటప్పుడు తెలీదు, దిగేటప్పుడే జారతారు. తడిగా ఉంటే ఎక్కడానికి మాత్రమే వాడండి.

మామ్ టోర్, విరిగిన రోడ్డు

517 మీటర్ల కొండ. మామ్ నిక్ పార్కింగ్ నుంచైతే రాతిపలకలు పరిచిన మెట్ల దారిలో ఇరవై నిమిషాల్లో శిఖరం. పెద్దవాళ్లతో వచ్చినా నెమ్మదిగా ఎక్కించొచ్చు. కానీ ఊళ్లోంచి చుట్టు తిరిగి వస్తే ఈ కొండ విలువ తెలుస్తుంది. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు.

ఇలా నడవండి. విజిటర్ సెంటర్ దగ్గర్నుంచి హాలోఫర్డ్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి. పొలాల మధ్య నుంచి ఎక్కుతూ హాలిన్స్ క్రాస్ చేరాలి. చివరి పావుగంట నిటారు, చలికాలంలో బురద. ఈడేల్‌లో సొంత చర్చి వచ్చేదాకా అక్కడివాళ్లు శవపేటికల్ని ఈ కనుమ మీదుగానే మోసుకొచ్చి కాసిల్టన్‌లో పూడ్చేవారు. కనుమ మీద ఎడమకి తిరిగితే శిఖరాల వెన్ను మీద మామ్ టోర్‌కి అరగంట. ఎడమచేతి వైపు హోప్ లోయ, కుడిచేతి వైపు ఈడేల్, ఆపైన కిండర్ స్కౌట్ పీఠభూమి. ఓపిక మిగిలినవాళ్లు ముందు కుడికి తిరిగి బ్యాక్ టోర్ దాకా పోయి రావొచ్చు.

శిఖరం చుట్టూ గట్టూ కందకమూ ఆనవాళ్లుగా కనబడతాయి. అది కొండకోట. మూడు వేల ఏళ్ల కిందటే, కంచుయుగం చివర్లో ఇక్కడ గుడిసెలు వేసుకుని ఉన్నారు. సరిగ్గా కనబడాలంటే ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండ ఉండాలి. మిట్టమధ్యాహ్నం అంతా గడ్డే. శరదృతువు ఉదయాల్లో లోయ నిండా మబ్బు పరుచుకుని కొండ తల మాత్రం పైకి తేలుతుంది. ఆ ఫొటోల కోసమే తెల్లవారుజామున జనం వస్తారు. ముందురోజు వాన, రాత్రి నిర్మలాకాశం, గాలి లేకపోవడం – మూడూ కుదిరితేనే ఆ దృశ్యం. గాలి ఉంటే నిద్ర చెడగొట్టుకోవద్దు.

దిగేటప్పుడు మామ్ నిక్ మీదుగా బ్లూ జాన్ గుహ వైపు వచ్చి, అక్కడి గేటు దాటి పాత రోడ్డు పట్టుకోండి. ఈ ఊళ్లో మాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, దీనికి టికెట్ లేదు. 1819లో వేసిన రోడ్డు. కొండ తూర్పు ముఖం నాలుగు వేల ఏళ్ల నుంచీ జారుతూనే ఉంది, ఆ జారే మట్టి మీదుగానే రోడ్డు వేశారు. ఇసుకరాయి పొరల కింద మెత్తటి షేలు ఉంది. వాననీరు దానిలోకి ఇంకి ఒత్తిడి పెరిగేకొద్దీ మొత్తం ముద్ద ముందుకు కదులుతుంది. సగటున ఏడాదికి పావు మీటరు దాకా, వానలు దంచిన చలికాలంలో ఇంకా ఎక్కువ. వేస్తూ, కుంగుతూ, మళ్లీ వేస్తూ విసిగిపోయి 1979లో ఏ625 రోడ్డుని ఇక్కడ శాశ్వతంగా వదిలేశారు. తారు పలకలు మనిషి ఎత్తున విరిగి వేలాడుతున్నాయి, మధ్య తెల్లగీతలు సగంలో తెగిపోయాయి. విరిగిన అంచుల్ని పక్కనుంచి చూస్తే ఒకదాని మీద ఒకటి వేసిన తారు పొరలు లెక్కపెట్టొచ్చు. ఒక్కో పొర ఒక్కో మరమ్మతు. నడవడానికి దారి బాగానే ఉంది, పిల్లల్ని అంచుల మీదికి ఎక్కించొద్దు. కొండ ముఖం కిందికి అస్సలు పోవద్దు, రాళ్లు ఇప్పటికీ రాలతాయి.

ఈ రోడ్డు కిందికొచ్చాక పక్కనే ఓడిన్ గని. డార్బీషర్‌లోని పాత సీసం గనుల్లో ఒకటి. సీసపు ఖనిజాన్ని నలగ్గొట్టిన గుండ్రటి ఇనప గాడి, దానిలో తిరిగిన రాతిచక్రం 1823 నాటివి, ఉన్నచోటే ఉన్నాయి. గుర్రాన్ని కట్టి తిప్పేవారు. రెండు నిమిషాల పని, కానీ చాలామంది చూడకుండా దాటేస్తారు.

విన్నట్స్ పాస్ గురించి క్లుప్తంగా. ఏ625 పోయాక ఆ కార్లన్నీ ఈ సున్నపురాతి కనుమలోంచే పోతున్నాయి. ఐదుకి ఒకటి వాలు, ఇరుకు, నడకదారి లేదు. రోడ్డు మీద నడవకుండా పక్కన గడ్డి మీదుగా ఎక్కండి. కారులో ఎక్కేటప్పుడు ముందు బండికి చాలా దూరం వదిలి మొదటి గేరులోనే ఉండండి. సగంలో ఆగి క్లచ్ మీద నిలబెడితే కాలిన వాసన ఖాయం. దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా చిన్న గేరు మీద దిగండి. మంచు పడితే రోడ్డే మూసేస్తారు.

ఊళ్లో, పక్క ఊళ్లో

సెయింట్ ఎడ్మండ్ చర్చిలో నార్మన్ కమాను, పదిహేడో శతాబ్దపు చెక్క పెట్టెల్లాంటి కుటుంబ ఆసనాలు ఉన్నాయి, వాటి మీద పేర్లు చెక్కి ఉంటాయి. పది నిమిషాలు చాలు. మే 29న వస్తే మాత్రం ఊరే వేరు. ఆ సాయంత్రం గార్లండ్ పండుగ. గంట ఆకారంలో పూలు కట్టిన పెద్ద చట్రాన్ని గుర్రం మీది రాజుకి నడుం దాకా తొడుగుతారు, బతుకమ్మని మనిషికి తొడిగినట్టు. ఊరేగింపు పబ్బు పబ్బుకీ ఆగుతుంది, ఆఖర్న ఆ పూలచట్రాన్ని తాడుతో చర్చి గోపురం మీదికి లాగుతారు. 29 ఆదివారమైతే ముందురోజు చేస్తారు. రోడ్లు మూస్తారు, బస్సులో రావడమే మేలు.

కారులో పాతిక నిమిషాల దూరంలో ఈమ్ అనే ఊరుంది. పలకడం ఇలాగే, రాతలో ఉన్నట్టు పలికితే ఎవరికీ అర్థం కాదు. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి దర్జీకి వచ్చిన గుడ్డల మూటతో ప్లేగు దిగిందంటారు. మరుసటి ఏడు ఊరి చర్చి రెక్టర్ విలియం మోంపెసన్ మాట మీద ఊరివాళ్లు పొలిమేర దాటకుండా ఉండిపోయారు. పద్నాలుగు నెలల్లో 260 మంది దాకా పోయారు. త్యాగం కథగా చెప్పే గైడ్లు ఒకటి దాటేస్తారు: మోంపెసన్ తన పిల్లల్ని అంతకు ముందే బయటికి పంపేశాడు. భార్య కేథరిన్ వెళ్లనంది, 1666 ఆగస్టులో పోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. మ్యూజియం చలికాలంలో మూత, ఇళ్ల ముందు ఎవరెవరు పోయారో రాసిన పలకలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. అవి చదివి వెనక్కి రాకుండా రెండు చోట్లకి నడవండి. ఒకటి స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల్లోని సరిహద్దు రాయి. దాని గుంతల్లో వినిగర్ పోసి, అందులో నాణేలు వేసి బయటివాళ్ల నుంచి తిండి కొనుక్కున్నారు. రెండోది ఊరికి తూర్పున రైలీ సమాధులు. ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చిన చోటు. అక్కడ గోల చేసే గుంపుతో వెళ్లొద్దు.

లేడీబవర్ జలాశయం వానలు బాగా పడ్డాక చూడాల్సింది. నిండితే నీళ్లు గట్టు పక్కనున్న రెండు రాతి గరాటుల్లోకి దూకుతాయి, ఒక్కోటీ పైన 24 మీటర్ల వెడల్పు. దీని కింద డెర్వెంట్, యాషాప్టన్ అనే రెండు ఊళ్లు మునిగాయి. ఎగువన ఉన్న డెర్వెంట్ డ్యాం మీద 1943లో బ్రిటిష్ వైమానిక దళం 617 స్క్వాడ్రన్ విమానాలు జర్మన్ డ్యాముల మీద దాడికి సాధన చేశాయి. ఎండలు ముదిరిన ఆగస్టులో గరాటులు ఖాళీగా ఉంటాయి, వాటి కోసమైతే అప్పుడు రావొద్దు.

1965లో తెరిచిన పెన్నైన్ వే అనే దూరపు నడకదారి ఈడేల్ నుంచి మొదలవుతుంది. కిండర్ స్కౌట్ 636 మీటర్లు, అది పూర్తి రోజు. పైన పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకున్న నల్లటి) నేల, పొగమంచులో దారి తప్పడం తేలిక. మ్యాపు, దిక్సూచి చూడ్డం రానివాళ్లు మబ్బు రోజున ఎక్కొద్దు. ఒకప్పుడు అక్కడ వేటగాళ్ల కోసం జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న వందల మంది నిషేధం లెక్కచేయకుండా ఎక్కారు, ఐదుగురు జైలుకెళ్లారు.

తిండి, బస

పబ్బుల్లో శాకాహారం ఒకటి రెండు రకాలు ఉంటుంది. కారం మీద ఆశలొద్దు. చాలాచోట్ల మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య వంటగది ఆపేస్తారు, ఒకటిన్నర లోపే కూర్చోండి. పులిహోర, చపాతీ కట్టుకొస్తే హాలిన్స్ క్రాస్ మీద తినొచ్చు, గాలికి రేకు పొట్లాలు ఎగరకుండా చూసుకోండి. చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి, దాటిన ప్రతి గేటూ మళ్లీ వేయండి. గుంపుగా వచ్చి వాడి పారేసే బార్బెక్యూలు వెలిగించే అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు. ఎండిన పీట్ నేల అంటుకుంటే రోజుల తరబడి లోపల్లోపలే కాలుతుంది. నిప్పు నిషేధం, జరిమానా.

రాత్రి ఉండేట్టయితే ఊరి అంచున లూజ్‌హిల్ హాల్ అనే పాత భవనంలో వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టల్ ఉంది. కుటుంబ గదులు దొరుకుతాయి, సొంతంగా వండుకునే వీలుందో లేదో బుక్ చేసేటప్పుడు అడగండి. ఆ రోజే వెనక్కి పోయేవాళ్లు డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుందని, ఆదివారం ఆఖరి బస్సు మామూలు రోజుల కంటే ముందే వెళ్లిపోతుందని గుర్తుపెట్టుకుని, టైము ఉదయం దిగిన స్టాపులోనే చూసి ఫొటో తీసుకోండి.